మూతపడని ఓవెన్ తలుపు చేసిన మేలు

సరిగ్గా మూతపడే ఓవెన్ తలుపును మించిన సంఘవిద్రోహి ఈ లోకంలో లేదు!

నవ్వకండి. ఈ మాట తీరిగ్గా ఆలోచించే అంటున్నాను. తలుపు మూసుకుంటే ఏమవుతుంది? రొట్టె కాలుతుంది. కాలిన రొట్టె తింటారు. తిన్నవాళ్లు చెయ్యి కడుక్కుని ఎవరి దారిన వాళ్లు పోతారు. అంతేగా! అదే తలుపు వేలెడు సందుతో నోరు తెరుచుకుని ఉందనుకోండి, నలుగురు చేరతారు. చర్చ జరుగుతుంది. విజ్ఞానం వికసిస్తుంది. స్నేహాలు గట్టిపడతాయి. రొట్టె మాత్రం కాస్త పచ్చిగా ఉంటుంది. ఇన్ని లాభాల ముందు ఒక రొట్టె ఎంత?

నమ్మకం కుదరకపోతే సైమా హీకిలా ఓవెన్ సంగతి వినండి.

మిషిగన్‌కి ఉత్తరాన, సుపీరియర్ సరస్సు ఒడ్డున మా క్యాంప్‌గ్రౌండ్. మే నెలాఖరుకి మంచు పూర్తిగా కరిగాక, కార్ల వెనక తగిలించి లాక్కొచ్చిన ట్రైలర్లని, అంటే చక్రాల ఇళ్లని, బిర్చ్ చెట్ల కింద నిలుపుకుని సెప్టెంబరు దాకా అక్కడే కాపురం ఉంటాం. అందరం ఉద్యోగాలు చేసి చేసి దిగిపోయినవాళ్లమే. సైమా గనుల ఊరి బళ్లో ఇరవై ఆరేళ్లు వంటశాల పెద్దగా పనిచేసింది. ఆమె భర్త ఆర్నే రేవులో ఓడలకి ఇనప ఖనిజం ఎత్తించే పనిలో ముప్ఫై ఎనిమిదేళ్లున్నాడు. ఇద్దరిదీ ఫిన్లాండు నుంచి వచ్చిన తాతల సంతతి. అంటే కాఫీ లేకుండా పూట గడవదు, మాట లేకుండా వారం గడిచిపోతుంది.

వాళ్ల ట్రైలర్ వంటింట్లో ఒక చిన్న గ్యాస్ ఓవెన్. తలుపు ముందుకి, కిందికి తెరుచుకునే రకం. నాలుగేళ్ల కిందట ఒక జూన్ పొద్దున దాన్ని మూస్తే పైన ఎడమ మూల మూతపడలేదు. ఆ సందులోంచి వేడంతా బయటికొచ్చి స్టవ్ నాబ్‌లు మెత్తబడేవి. లోపల రొట్టె కుడివైపు బొగ్గు, ఎడమవైపు ముద్ద.

"ఎడమపక్క స్ప్రింగ్ ఊడినట్టుంది. స్టవ్ ముందుకి లాగి చూస్తా" అంది సైమా ఆ రోజే.

"నువ్వు ముట్టుకోకు. గ్యాస్‌తో వ్యవహారం. నేను చూస్తాగా!" అన్నాడు ఆర్నే.

ఆర్నే అబద్ధం ఆడే మనిషి కాదు. చూశాడు. నాలుగు వేసవులు చూశాడు!

ఒక్కడే చూడలేదు, పాపం. సాయానికి మేం చేరాం. క్లిఫర్డ్ టీగ్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడు. డెల్బర్ట్ రుయోనా జిల్లా అంతా గొలుసు పట్టుకు తిరిగిన సర్వేయరు. నేను, లాయిడ్‌ని, ఊరి వారపత్రికలో ఇదిగో ఇలాంటివి రాస్తుంటాను. రోజూ పొద్దున తొమ్మిదికల్లా సైమా వంటింట్లో మా సభ కొలువు తీరేది. ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి ఊపిరాడదు. నలుగురు మగవాళ్లం ఇరుక్కుని నిలబడి, వంగి, తలుపుని తెరిచి, మూసి, "ఊఁ" అనేవాళ్లం. సైమా మా భుజాల సందుల్లోంచి కాఫీ అందించేది.

మొదటి వేసవి అల్యూమినియం రేకుది. ఆర్నే రేకుని మడత పెట్టి సందులో కుక్కాడు. తలుపు మూత పడింది, ఆపైన తెరుచుకోలేదు. లోపలి కోడిని బయటికి తియ్యడానికి రెండు స్క్రూడ్రైవర్లు, ఒక చేపల కత్తి కావలసి వచ్చాయి. ఆ తరవాత రబ్బరు తాడు కట్టాడు. సామాన్లు కట్టుకునే సాగే తాడు. అది కరిగి, తలుపు మీద నల్లటి కన్నీళ్లలా కారింది. ఆ వాసన జులై దాకా పోలేదు.

రెండో వేసవి క్లిఫర్డ్‌ది. "ఇది అయస్కాంత శాస్త్రానికి సంబంధించిన విషయం" అని ప్రకటించి, కాగితపు పళ్లెం మీద బొమ్మ గీసి, నాలుగు అయస్కాంతాలు అంటించాడు. చల్లగా ఉన్నంతసేపూ అవి అద్భుతంగా పట్టుకున్నాయి. ఓవెన్ వేడెక్కాక ఒక్కొక్కటే జిగురు వదిలి కింద పడ్డాయి. "అంటే ఓవెన్ వెలిగించనంత వరకూ ఇది ఖచ్చితంగా పనిచేస్తుంది" అన్నాడు క్లిఫర్డ్. ఎంత సూక్ష్మ దృష్టి!

మూడో వేసవి డెల్బర్ట్ చేతిలోకి వెళ్లింది. తలుపులో లోపమే లేదన్నాడు. "నేలలో ఉంది లోపం. మీ ట్రైలర్ ఒక పక్కకి వాలింది" అని జాకీలు పెట్టి రెండు రోజులు ఎత్తి, దించి, రసమట్టం పెట్టి సరిచేశాడు. ఓవెన్ తలుపు ఎక్కడిదక్కడే ఉంది. కానీ ఆనాటి నుంచి బాత్‌రూమ్ తలుపు దానంతటదే తెరుచుకోవడం మొదలెట్టింది. లోపల ఎవరున్నా సరే!

చివరికి చీపురు కర్ర ఒకటి తెచ్చి, ఒక కొస ఓవెన్ తలుపుకి, రెండో కొస ఎదురు బల్లకి తన్నిపెట్టారు. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే కర్ర దాటాలి. ఒకరోజు కర్ర జారి, తలుపు దభాలున తెరుచుకుని, సైమా మణికట్టు మీద పడింది. నాలుగంగుళాల కాలిన మచ్చ. "జాగ్రత్తగా ఉండాలి సైమా!" అని నలుగురం ఏకకంఠంతో సలహా ఇచ్చాం. మా సభ ఏనాడూ సలహాకి లోటు రానివ్వలేదు.

ఈ వేసవి ఆర్నే ఆఖరి ప్రయత్నంగా ట్రైలర్లు అమ్మే కొట్టుకి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి గొంతు తేనె పూసినట్టుంది.

"తలుపు ఒక్కటే రాదు సార్. స్టవ్ మొత్తం మార్చాలి. ఆ సైజు స్టవ్ ఇప్పుడు రావట్లేదు కాబట్టి అలమర కూడా మార్చాలి. అలమర తీస్తే గోడ రేకు లేచొస్తుంది. ఇంతకీ మీ ట్రైలర్ ఎప్పటిది సార్?"

ఆర్నే సంవత్సరం చెప్పాడు.

"అయ్యో!" అంది ఆ అమ్మాయి, ఎవరో పోయారని విన్నట్టుగా. "కొత్త ట్రైలర్లు చూపించమంటారా?"

వేలెడు సందు మూయడానికి ఇల్లే మార్చమన్నారు! ఇంత దూరదృష్టి ఉన్న దేశం వెనకబడుతుందంటే నేనొప్పుకోను.

అలా సాగిపోతున్న మా స్వర్ణయుగంలోకి ఆగస్టులో ఒక ఉత్తరం వచ్చింది. సైమా అక్క హెల్మీ డులూత్‌లో ఉంటుంది. తన ఎనభయ్యో పుట్టినరోజుకి చెల్లెలి దగ్గరికొస్తానని రాసింది. శనివారం మూడింటికి దిగుతుంది. కేకులూ అవీ వద్దు, అమ్మ చేసే యాలకుల రొట్టె చేసిపెట్టమంది. "పళ్లు ఉండగానే తినాలి" అని కింద గీత గీసి మరీ రాసింది.

జడలా అల్లి, పైన పాలు పూసి, చక్కెర చల్లి కాల్చే రొట్టె అది. ఫిన్లాండు వాళ్లిళ్లలో అది లేకుండా కాఫీ తాగితే ఏదో తప్పు చేసినట్టు చూస్తారు. గురువారం నాడు సైమా ఒకసారి చేసి చూద్దామని పిండి కలిపింది. ఓవెన్ వెలిగించి, చీపురు కర్ర బిగించి పావుగంట అయిందో లేదో, గోడ మీది విషవాయువు అలారం గుండెలదిరేలా అరవడం మొదలెట్టింది.

మేం బయట చేపల గాలాలు చూసుకుంటున్నాం. పరిగెత్తుకొచ్చాం. సభ అక్కడికక్కడే సమావేశమైంది.

"అలారం పాతబడిపోయింది" అన్నాడు క్లిఫర్డ్.

"తేమ పట్టుంటుంది" అన్నాడు డెల్బర్ట్.

ఆర్నే స్టూలెక్కి అలారంలోంచి బ్యాటరీ పీకేశాడు. శబ్దం ఆగింది. సమస్య తీరింది! నాలుగేళ్లలో మేం మొదలుపెట్టి పూర్తిచేసిన పని అదొక్కటే.

సైమా వెళ్లి ఓవెన్ ఆపింది. కిటికీలన్నీ బార్లా తెరిచింది. మేం వెళ్లాక స్టూలు లాక్కుని బ్యాటరీ మళ్లీ పెట్టేసింది.

మర్నాడు పొద్దున సభ చరిత్రాత్మక తీర్మానం చేసింది. ఓవెన్ పీకెయ్యాలి! ఆ ఖాళీలో గాలాలూ దారాలూ పెట్టుకోవడానికి మూడు సొరుగులు చెయ్యాలి. ఓట్లు నాలుగు, వ్యతిరేకం సున్నా. వంటిల్లు ఎవరిదో ఆవిడకి ఓటు లేదా అని అడుగుతారేమో. ఆవిడ ఆ సమయంలో మాకు కాఫీ పోస్తోంది. రెండు పనులు ఒకేసారి ఎలా చేస్తుంది చెప్పండి?

"రేపు హెల్మీ వస్తోంది" అంది సైమా.

"కొట్లో రొట్టె కొందాం. తేడా ఏముంది?" అన్నాడు ఆర్నే.

ఆమె కాఫీ కూజాని స్టవ్ మీద పెట్టిన చప్పుడు రోజూ కన్నా కాస్త గట్టిగా వినిపించింది. మేం దాన్ని అంగీకారంగా తీసుకున్నాం.

శనివారం తెల్లవారగానే ముగ్గురూ పట్నం వెళ్లారు, రేకు కోసే రంపపు బ్లేడు కోసం. బ్లేడు ఒకటి, మనుషులు ముగ్గురు. నేను వెళ్లలేదు. ఈ కాలం మనుషులకి చేతిపని బొత్తిగా రాకుండా పోతోందని ఆవేదనతో ఒక కాలమ్ రాయాల్సి ఉంది. రాస్తూ రాస్తూ కాఫీ కోసం సైమా ట్రైలర్ మెట్లెక్కాను.

ఆమె నేల మీద మోకాళ్లపై కూచుని ఉంది. కిటికీలు తెరిచి ఉన్నాయి. బయట గ్యాస్ సిలిండర్ కట్టేసి వచ్చినట్టుంది. స్టవ్‌ని పట్టి ఉంచే నాలుగు స్క్రూలూ ఒక కాఫీ కప్పులో ఉన్నాయి.

"ఏం చేస్తున్నావు సైమా?"

"తలుపు బాగుచేస్తున్నా."

"ఆర్నేకి తెలుసా?"

"ఇంటికొచ్చాక తెలుస్తుంది. వచ్చావు కదా, ఈ టార్చి పట్టుకో. మాట్లాడకు."

రెండు పనులు చెప్పింది. మొదటిది సులువుగానే చేశాను.

వెనక గ్యాస్ గొట్టం ఎంత వరకు రానిస్తుందో అంత వరకే, జానెడు మేర స్టవ్‌ని ముందుకి జరిపింది. ఆ సందులో టార్చి వేశాను. నాలుగు వేసవుల మా మేధస్సు అక్కడ దుమ్ములో పడి ఉంది. మాడిన రేకు ఉండలు, కరిగిన రబ్బరు, రెండు అయస్కాంతాలు, క్లిఫర్డ్ పెన్సిలు. వాటి పైన, ఎడమపక్క, కొక్కెం జారి వేలాడుతున్న చిటికెన వేలంత స్ప్రింగ్.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. ఏ గతుకుల రోడ్డు మీదో ఊడింది. బరువంతా ఒక పక్కే పడి తలుపుని మోసే ఈ కమ్మీ వంగింది. మాట్లాడొద్దన్నానా!"

పటకారుతో కమ్మీని కొంచెం వంచింది. తలుపు పెట్టి చూసింది. మళ్లీ కొంచెం. దారం ఉచ్చు వేసి స్ప్రింగ్‌ని లాగి, ఒక్క గుంజు గుంజి కొక్కేనికి తగిలించింది. టక్కుమంది. ఆ చప్పుడు కోసమే అంతసేపూ ఊపిరి బిగబట్టినట్టు ఆమె భుజాలు కిందికి దిగాయి.

ఇక నావల్ల కాలేదు. "నీకివన్నీ ఎలా తెలుసు?" అన్నాను.

"బళ్లో ఆరు ఓవెన్లు లాయిడ్. బాగుచేసేవాడు అరవై మైళ్ల అవతల ఉండేవాడు. జనవరిలో మంచు పడితే వారం దాకా రాడు. పిల్లలేమో పదకొండున్నరకి పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడతారు. ఎవరు బాగుచేసేవాళ్లనుకున్నావు?"

నేనేమీ అనుకోలేదు. ఇరవై ఆరేళ్ల ఆమె ఉద్యోగం గురించి ఏనాడూ ఏమీ అనుకోలేదు. ఆ మాట పైకి చెప్పలేక, "మరి నాలుగేళ్లు ఎందుకు ఊరుకున్నావు?" అన్నాను.

"ఊరుకోలేదు. మొదటిరోజే చెప్పా. నువ్వూ ఉన్నావు అక్కడ."

సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి గ్యాస్ గొట్టం కీళ్ల మీద పిండుతూ, నా మొహం చూడకుండానే అంది:

"పని మానేశాక మొదటి నెలంతా ఆర్నే ఆ మడత కుర్చీలో కూచుని సరస్సుకేసి చూస్తూ ఉండేవాడు. గడ్డం గీసుకునేవాడు కాదు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఈ తలుపు చెడ్డాక మర్నాడు పొద్దున్నే లేచి బూట్లు తొడుక్కున్నాడు. పనిముట్ల పెట్టె తీసిన చప్పుడు వినపడితే దుప్పటి కప్పుకుని ఏడ్చా. పోనీలే, రొట్టె పచ్చిగా ఉంటే ఏం పోయింది, మనిషి లేచి తిరుగుతున్నాడు అనుకున్నా."

"మరి ఇప్పుడేమైంది?"

"మొన్న బ్యాటరీ పీకాడు లాయిడ్. నేను లోపలే ఉన్నా."

ఆమె గుడ్డ పక్కన పెట్టి బయట సిలిండర్ తిప్పి వచ్చింది. గొట్టం మీద బుడగలు రాలేదు. స్టవ్‌ని వెనక్కి నెట్టి నాలుగు స్క్రూలూ బిగించింది. వార్తాపత్రిక అంచు చింపి, ఆ ముక్కని తలుపు ఎడమ మూలన పెట్టి మూసి లాగింది. కాగితం రాలేదు, చిరిగింది. "బిగువుంది" అంది. అది నేను రాసిన పాత కాలమ్ ఉన్న పేజీ. చిరిగిపోవడం దానికి దక్కిన తొలి ప్రయోజనం.

మొత్తం నలభై నిమిషాలు.

మధ్యాహ్నం రెండింటికి ముగ్గురూ బ్లేడుతో దిగారు. అప్పటికి యాలకుల వాసన క్యాంప్‌గ్రౌండ్ సగం నిండింది. బల్ల మీద జడ రొట్టెలు రెండు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రంగులో, తేనెలా మెరుస్తున్నాయి. ఆర్నే బ్లేడుని చంకలో పెట్టుకుని ఓవెన్ ముందు చతికిలబడ్డాడు. తలుపు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. మళ్లీ మూశాడు.

క్లిఫర్డ్ గొంతు సవరించుకున్నాడు. "లోహానికి జ్ఞాపకం ఉంటుంది. అయస్కాంతం ప్రభావం ఒక్కోసారి ఆలస్యంగా కనిపిస్తుంది."

"ట్రైలర్ ఇప్పటికి నేలలో కుదురుకుందన్నమాట. నేను చెప్పానా లేదా!" అన్నాడు డెల్బర్ట్.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నిజం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ముప్ఫై ఏళ్లుగా నిజం రాయడమే వృత్తి అని చెప్పుకుని బతుకుతున్నవాణ్ని.

"వాతావరణం కూడా కలిసొచ్చింది" అన్నాను.

సైమా నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుంటే ఓవెన్ అక్కర్లేదు, రొట్టె కాలిపోతుంది.

ఆర్నే మాత్రం స్క్రూల తలల మీద కొత్తగా పడ్డ గీతలు వేలితో తడిమాడు. తలెత్తి ఆమె చేతుల కేసి చూశాడు. గోళ్ల కింద నల్లటి జిడ్డు, మణికట్టు మీద మచ్చ.

"స్ప్రింగేనా?" అన్నాడు.

"స్ప్రింగే."

"మొదటిరోజే అన్నావు."

"అన్నా."

నాలుగేళ్లలో ఆ తలుపు గురించి ఆర్నే ఆమెని ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. ఆర్నే లేచాడు. గోడ దగ్గరికెళ్లి అలారం మీద బొత్తాం నొక్కాడు. అది చెవులు పగిలేలా అరిచింది. వేలు తియ్యలేదు. అరుస్తున్నంతసేపూ తల దించుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి వేలు తీశాక ఆగింది.

"బ్యాటరీ ఉందే" అన్నాడు మెల్లగా.

"ఆ రోజే పెట్టేశా. వెళ్లి చొక్కా మార్చుకో. అక్క వచ్చే వేళయింది."

ఆ తరవాత సైమా మా ముగ్గురి వైపూ తిరిగింది. అలవాటుగా మేం అప్పటికే పోసుకున్న కాఫీ కప్పుల్ని ఒక్కొక్కరి చేతిలోంచి మర్యాదగా తీసేసుకుంది. మేం రొట్టె వైపు చూశాం. ఆమె మెట్ల వైపు చూపించింది. దిగాం. వెనకాల ట్రైలర్ తలుపు మూతపడింది, ఎక్కడా వెంట్రుకంత సందు లేకుండా.

మూడింటికి హెల్మీ దిగింది. మేం ముగ్గురం బయట, ట్రైలర్‌కి ఎదురుగా ఉన్న బల్ల మీద, ఆర్నే మాకిచ్చేసిన బ్లేడుని మధ్యలో పెట్టుకుని కూచున్నాం. లోపల్నుంచి అక్కాచెల్లెళ్లు నవ్వుకోవడం వినిపించింది. మధ్యలో ఒకసారి ఎనభయ్యేళ్ల గొంతు పిల్లలా ఏడ్చింది కూడా. అమ్మ రొట్టె రుచి తగిలిందేమో. ఆర్నే నవ్వు కూడా వినిపించింది. దాన్ని మేం గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

చూశారా, బాగుపడ్డ తలుపు ఎంత పని చేసిందో! మా సభ రద్దయింది. ఆ మరుసటి వారం నుంచి సైమా క్యాంప్‌గ్రౌండ్‌లో వాళ్లవీ వీళ్లవీ కీళ్లూ గొళ్లేలూ సరిచేస్తోంది. ఆర్నే పనిముట్ల పెట్టె మోస్తూ వెంట తిరుగుతున్నాడు. రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. క్లిఫర్డ్ ఫ్రిజ్ తలుపు కూడా బాగైపోయింది. ఇక మేం పొద్దున తొమ్మిదింటికి ఎక్కడికి పోవాలి? దేని మీద చర్చించాలి? సగం పచ్చి, సగం మాడిన రొట్టె అయినా నాలుగేళ్లు మాకు తిండి పెట్టింది. పూర్తిగా కాలిన రొట్టె మాకు వాసన తప్ప ఏమిచ్చింది?

అందుకే మగమహారాజులకి నా మనవి. మీ ఇంట్లో ఏ తలుపైనా మూతపడకపోతే అదృష్టంగా భావించండి. రేకు కుక్కండి, కర్ర తన్నిపెట్టండి, తీర్మానాలు చెయ్యండి, అవసరమైతే ఇల్లే మార్చండి. దాని ముందు రోజూ నిలబడే మనిషిని మాత్రం పొరపాటున కూడా అడక్కండి.

ఆమెకి తెలిసి ఉండే ప్రమాదం ఉంది.